పిక్క ఒకరిది, పప్పు ఒకరిది

పెళ్ళి భోజనంలో పాయసం వడ్డిస్తారు. అందులో ముందుగా కన్ను పడేది జీడిపప్పు మీదే. లడ్డూలో జీడిపప్పు ఉంటుంది. పండగ పూట చక్రపొంగలిలో నేతిలో వేగి పైకి తేలుతుంది. పట్నంలో మిఠాయి కొట్టు అద్దాల వెనక బర్ఫీ అయి మెరుస్తుంది.

ఆ పిక్క ఏరిన చెయ్యి ఎవరిది? ఆ పప్పు ఒలిచిన చెయ్యి ఎవరిది? చాలాసార్లు అది శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్ళ చెయ్యి. కానీ అదే పప్పు ఒక కిలో కొని ఇంటికి తీసుకుపోదామంటే ఆ చేతికి అందదు.

ఇలా ఎందుకు జరుగుతోంది? చెట్టు దగ్గర చవగ్గా ఉన్న సరుకు కొట్లోకి వెళ్ళేసరికి అంత ప్రియం ఎలా అవుతోంది? ఆ మధ్యలో ఏం జరుగుతోంది? పిక్క వెంట నడిచి చూస్తే తెలుస్తుంది.

ఉద్దానం అంటే తోట

శ్రీకాకుళం జిల్లాకు తూర్పున సముద్రం ఉంది. ఆ ఒడ్డున వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు ఉన్నాయి. పక్కనే పలాస ఉంది. ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందని చెబుతారు. ఉద్యానం అంటే తోట.

పేరుకు తగ్గట్టే ఇక్కడ ఎటు చూసినా తోటలే. కొబ్బరి ఉంది. కొబ్బరి కింద అరటి ఉంది. పక్కన పనస, మామిడి ఉన్నాయి. నీరు తక్కువగా ఉన్న ఇసుక నేలల్లో, ఎర్ర నేలల్లో జీడిమామిడి ఉంది. ఒక పంట పోతే ఇంకొకటి ఆదుకుంటుందని పెద్దలు ఇలా కలిపి వేశారు.

టెక్కలి నుంచి ఇచ్ఛాపురం వైపు పెద్ద రోడ్డు మీద వెళ్తే దారిలో పలాస, కాశీబుగ్గ వస్తాయి. రెండు ఊళ్ళూ కలిసిపోయి ఒకే పట్నం అయ్యాయి. హౌరా నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గం కూడా ఇక్కడి నుంచే పోతుంది. రోడ్డూ ఉంది, రైలూ ఉంది, చుట్టూ తోటలూ ఉన్నాయి. అందుకే జీడి ఫ్యాక్టరీలు ఇక్కడ వెలిశాయి. చిన్నవీ పెద్దవీ కలిపి రెండు వందలకు పైగా ఉన్నాయి. జీడిపప్పు అంటే పలాస అన్న పేరు వచ్చింది.

చెట్టు ఎక్కడిది?

జీడిమామిడి ఈ దేశపు చెట్టు కాదు. దీని పుట్టిల్లు బ్రెజిల్. అది దక్షిణ అమెరికాలో ఉంది. నాలుగు వందల ఏళ్ళకు పైగా అయింది. పోర్చుగీసు వాళ్ళు ఓడల మీద దీన్ని భారతదేశానికి తెచ్చారు. అటు ఆఫ్రికాకు కూడా తీసుకుపోయారు.

ఈ చెట్టుకు శీతాకాలంలో పూత వస్తుంది. పూత మీద మంచు ఎక్కువ పడితే మాడిపోతుంది. టీ దోమ అనే పురుగు లేత కొమ్మల రసం పీల్చేస్తుంది. మొదట్లో దొలిచే పురుగు పడితే చెట్టే ఎండిపోతుంది. వీటన్నిటినీ దాటుకుని మార్చి నుంచి మే దాకా పిక్క చేతికి వస్తుంది.

పండు కింద పిక్క వేలాడుతుంది. పండి రాలిన పిక్కనే ఏరాలి. అది గట్టిగా, నిండుగా ఉంటుంది. నీళ్ళలో వేస్తే మునుగుతుంది. పచ్చిగా కోసిన పిక్క తేలుతుంది. అందులో పప్పు ముడుచుకుపోయి ఉంటుంది. దొంగల భయంతో, డబ్బు అవసరంతో కొందరు పచ్చిగానే కోసేస్తారు. ఆ నష్టం రైతుకే.

పిక్క పప్పు అయ్యేది ఇలా

ఫ్యాక్టరీకి వచ్చిన పిక్కను ముందు ఎండబెడతారు. బాగా ఎండిన పిక్క చేతిలో పోసి కదిపితే గలగలమంటుంది. తర్వాత బస్తాల్లో నిల్వ చేస్తారు.

రెండో పని కాల్చడం, లేదా ఉడికించడం. పాత పద్ధతిలో పిక్కను మంట మీద కాలుస్తారు. నల్లని పొగ వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల బాయిలరు పెట్టి ఆవిరిలో ఉడికిస్తున్నారు.

మూడో పని పిక్క కొట్టడం. పిక్క పెంకులో ఘాటైన నూనె ఉంటుంది. అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పెంకు పగలాలి, లోపలి పప్పు మాత్రం విరగకూడదు. ఇందులోనే పనివాళ్ళ నేర్పు ఉంది. ఈ పనికి ఇప్పుడు యంత్రాలు కూడా వస్తున్నాయి.

నాలుగో పని పప్పును వేడి గదిలో ఆరబెట్టడం. అప్పుడు పప్పు మీది ఎర్ర పొట్టు వదులవుతుంది. అయిదో పని ఆ పొట్టు ఒలవడం. ఆరో పని రకాలు చేయడం. చెక్కు చెదరని పప్పు గుండు. రెండుగా విడిపోయింది బద్ద. విరిగింది ముక్క. గుండుకు ఎక్కువ ధర, ముక్కకు తక్కువ ధర.

గుండులో కూడా నంబర్లు ఉన్నాయి. 180, 210, 240, 320 అని పెట్టెల మీద రాసి ఉంటుంది. చదువు వచ్చినవాళ్ళు కూడా చాలామంది అదేమిటో ఎరగరు. ఒక పౌను తూకానికి ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క అది. పౌను అంటే సుమారు 454 గ్రాములు. 180 నంబరు అంటే పౌనుకు 180 దాకా తూగుతాయి. అంటే గింజ పెద్దది. 320 అంటే 320 దాకా తూగుతాయి. గింజ చిన్నది. నంబరు పెరిగితే గింజ చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది.

ఏడో పని డబ్బాల్లో, పెట్టెల్లో కట్టడం. అక్కడి నుంచి లారీ ఎక్కి పప్పు పెద్ద పట్నాలకు పోతుంది.

చూశారా! ఒక్కో పని జరిగినప్పుడల్లా సరుకు విలువ పెరుగుతూ వచ్చింది. గొలుసులో ఒక్కో కొక్కెం లాగా ఒక్కో పని. రైతు చేతిలో ఉన్నది మొదటి కొక్కెం ఒక్కటే.

ఒక బస్తా లెక్క

పిక్క బస్తా అంటే 80 కిలోలు. వేరే దేశాల్లో కూడా జీడి వ్యాపారానికి ఈ 80 కిలోల బస్తాయే కొలత. మంచి పిక్క అయితే బస్తాకు 20 నుంచి 24 కిలోల పప్పు వస్తుంది. మిగతాది పెంకు, పొట్టు, తేమ.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఇవి లెక్క తెలియడానికి వేసిన అంకెలు మాత్రమే. మీ ఊళ్ళో ఉన్న ధర వేసుకుని మళ్ళీ లెక్క కట్టండి.

బస్తా 10,000 రూపాయలు అనుకోండి. 10,000ను 80తో భాగిస్తే 125. అంటే కిలో పిక్క 125 రూపాయలు. బస్తాకు 22 కిలోల పప్పు వచ్చిందనుకోండి. 10,000ను 22తో భాగిస్తే సుమారు 455. అంటే కిలో పప్పులో రైతుకు చేరింది 455 రూపాయలు. మీరు కొట్లో కిలో పప్పు ధర అడగండి. అందులోంచి 455 తీసేయండి. మిగిలిందంతా తోట దాటాక చేరినది.

అదంతా ఒక్కరి జేబులోకి పోదు. ఫ్యాక్టరీ వాళ్ళు ఏడాదికి సరిపడా పిక్కను రెండు మూడు నెలల్లోనే కొనాలి. దానికి బ్యాంకు అప్పు, వడ్డీ ఉంటాయి. కరెంటు, కూలి, డబ్బాలు, లారీ కిరాయి, పన్ను ఉంటాయి. కొంత పప్పు విరిగిపోతుంది. ఆపైన టోకు వ్యాపారి, కొట్టువాడు ఉన్నారు. కాబట్టి ఫ్యాక్టరీ యజమానిని తిట్టుకుంటే సమస్య తీరదు. రైతు దగ్గర, కూలి దగ్గర ఎక్కడ జారిపోతోందో చూసుకోవాలి.

ఎక్కడ జారిపోతోంది?

మొదటిది అడ్వాన్సు. పూత మీద ఉన్నప్పుడే రైతుకు డబ్బు అవసరం పడుతుంది. ఇంట్లో పెళ్ళి ఉంటుంది. పిల్లల ఫీజు ఉంటుంది. తోట మదుపు ఉంటుంది. అన్నిటికీ మించి జబ్బు ఉంటుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళను కుంగదీసింది. ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడిన ఇంట్లో పిక్క నిలవదు. చెట్టు మీద ఉండగానే అమ్ముడుపోతుంది.

ఒక రైతు సంక్రాంతికి 40,000 రూపాయలు తీసుకున్నాడనుకోండి. వేసవిలో బస్తా 8,000 చొప్పున పది బస్తాలు ఇస్తానని మాట ఇచ్చాడు. వేసవి వచ్చింది. బజారులో బస్తా 10,000 అయింది. రైతు మాట తప్పలేదు. 8,000కే పోశాడు. బస్తాకు 2,000 చొప్పున పది బస్తాలకు 20,000 పోయింది. తీసుకున్నది 40,000. నాలుగు నెలలకు పోగొట్టుకున్నది 20,000. నూటికి యాభై! వడ్డీ అని ఎవరూ అనలేదు. కాగితం మీద ఎవరూ రాయలేదు. కానీ అది వడ్డీయే.

రెండోది తరుగు. కాటా దగ్గర ఈ మాట వినిపిస్తుంది:

“పిక్క పచ్చిగా ఉంది బాబూ. బస్తాకి మూడు కిలోలు తరుగు తియ్యాలి.”

“ఎండలో వేసే తెచ్చాను కదా షావుకారుగారూ!”

“ఇష్టమైతే పొయ్యి. లేకపోతే పట్టుకుపో.”

పట్టుకుపోవడానికి మళ్ళీ బండి కిరాయి కావాలి. అందుకని పోసేస్తాడు. పది బస్తాలకు తరుగు 30 కిలోలు. కిలో 125 చొప్పున 3,750 రూపాయలు.

మూడోది మద్దతు ధర లేకపోవడం. వరికి కేంద్ర ప్రభుత్వం మద్దతు ధర ప్రకటిస్తుంది. ఎండుకొబ్బరికి కూడా ప్రకటిస్తుంది. 2025 సీజనుకు మిల్లుకు వేసే ఎండుకొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలని ప్రకటించింది. జీడిపిక్క ఆ జాబితాలో లేదు. 2023లో ఉద్దానం జీడి రైతులు రోడ్డెక్కారు. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని అడిగారు. అంటే కిలోకు 200. మదుపు, కూలి, చెట్టు మీద పెట్టుకున్న ఏళ్ళు, అన్నీ కలిపి వాళ్ళు కట్టిన లెక్క అది.

ఆ చేతుల మాట

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. తెల్లారకముందే వంట చేసి, క్యారేజీ కట్టుకుని బయల్దేరతారు. పిక్క కొట్టడం, పొట్టు ఒలవడం, రకాలు చేయడం వాళ్ళ పని. కూలి చాలావరకు కిలోల లెక్కన ఉంటుంది. ఎన్ని కిలోలు ఒలిస్తే అంత.

పిక్క నూనె చేతులకు అంటుకుంటుంది. వేళ్ళు నల్లబడతాయి. చర్మం పొరలుగా లేస్తుంది. అందుకని చేతులకు నూనె, బూడిద రాసుకుని కూర్చుంటారు. ఆ చేతులతో అన్నం కలుపుకోవడం కూడా కష్టమే. గంటలకొద్దీ ఒకేచోట కూర్చుంటే నడుము పట్టేస్తుంది. పొగకు దగ్గు వస్తుంది.

చేతి తొడుగులు కావాలి. కూర్చోవడానికి సరైన బల్ల కావాలి. తాగడానికి మంచినీళ్ళు, మరుగుదొడ్డి కావాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు. పనివాళ్ళకు రావలసినవి. తూచినప్పుడు కాటా అంకె తానే చదువుకోవాలి. ఒలిచిన కిలోలు రోజూ తన పుస్తకంలో తానే రాసుకోవాలి. చదువు ఇందుకే కదా!

సముద్రం అవతల కూడా ఇదే కథ

ఉద్దానంలో పండే పిక్క పలాస ఫ్యాక్టరీలకు ఏడాది పొడుగునా చాలదు. అందుకని ఆఫ్రికా దేశాల నుంచి ఓడల మీద పిక్క తెప్పిస్తారు. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా, గినీ బిస్సా లాంటి దేశాలు పిక్కను అమ్ముతాయి. అక్కడ పంట బాగా పండి ధర పడిపోతే ఇక్కడ ఉద్దానంలో కూడా ధర పడిపోతుంది. అక్కడి వాన ఇక్కడి రైతు జేబును తడుపుతుంది, ఎండబెడుతుంది.

గినీ బిస్సా చిన్న దేశం. ఆ దేశం బయటికి అమ్మే సరుకులో చాలా భాగం జీడిపిక్కే. దాన్ని పిక్కగానే అమ్మేస్తోంది. పప్పు తీసే పని వేరే దేశాల్లో జరుగుతోంది. అక్కడి రైతు బాధ, ఉద్దానం రైతు బాధ ఒకటే.

వియత్నాం ఇంకో దారి పట్టింది. ఆ దేశం పిక్కను తెప్పించుకుని, యంత్రాలు పెట్టి, పప్పు చేసి అమ్మింది. పప్పు ఎగుమతిలో 2006లో భారతదేశాన్ని దాటిపోయింది. సరుకు ఎవరి నేలలో పండిందన్నది కాదు, దాని మీద పని ఎవరు చేశారన్నది ముఖ్యం అయింది.

తిత్లీ రాత్రి

2013 అక్టోబరులో పైలిన్ తుపాను వచ్చింది. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఉద్దానం తోటలు దెబ్బతిన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. ఈసారి అది ఉద్దానం మీదే విరుచుకుపడింది. పలాసకు దగ్గరలో, వజ్రపుకొత్తూరు మండలం తీరాన్ని దాటింది.

తెల్లారి చూస్తే తోటలు లేవు. కొబ్బరిచెట్లు మొదలంటా కూలాయి. కొన్ని తల తెగి మొండిగా నిలబడ్డాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పడ్డాయి. తాత నాటిన చెట్టు, తండ్రి కాపు తిన్న చెట్టు, ఒక్క పూటలో పోయింది. వరి పోతే మరుసటి ఏడాదికి మళ్ళీ పండుతుంది. కొబ్బరి పోతే మళ్ళీ కాపుకు రావడానికి అయిదారేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అంతదాకా ఇల్లు ఎలా గడవాలి? ఎన్నో కుటుంబాల్లో మగవాళ్ళు వలస పోయారు.

మిగిలిన కొబ్బరికి తెల్లదోమ పట్టింది. ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. ఆకు మీద నల్లటి మసి కమ్ముతుంది. కాయ తగ్గుతుంది.

ఒక ద్వీపం చెప్పే మాట

ఇలాంటి దెబ్బ తిన్నది ఉద్దానం ఒక్కటే కాదు. పసిఫిక్ సముద్రం మధ్యలో సమోవా అనే దేశం ఉంది. అది కొన్ని ద్వీపాల దేశం. మొత్తం జనం రెండు లక్షల పైచిలుకు. చుట్టూ సముద్రం. బతుకు కొబ్బరి మీద, చేపల మీద. 1990లో ఒక తుపాను, 1991లో ఇంకో తుపాను వచ్చాయి. తోటలు తుడిచిపెట్టుకుపోయాయి.

1991లోనే అక్కడ ఆడవాళ్ళ కోసం ఒక సంస్థ మొదలైంది. పల్లెల్లో ఉన్న వస్తువుతోనే పల్లెల్లో డబ్బు పుట్టాలని వాళ్ళు అనుకున్నారు. అంతకుముందు ద్వీపాల్లో కొబ్బరిని ఎండబెట్టి ఎండుకొబ్బరిగానే అమ్మేవారు. ధర తక్కువ. వీళ్ళు పచ్చి కొబ్బరిని కోరి, ఆరబెట్టి, ఊళ్ళోనే చిన్న గానుగలో నూనె తీయడం కుటుంబాలకు నేర్పారు. మందులు చల్లని తోటలని ధృవపత్రం తీసుకున్నారు. ఆ నూనెను అందరిదీ కలిపి అమ్మారు. 2008 నుంచి బాడీ షాప్ అనే పెద్ద కంపెనీ సబ్బులు, క్రీముల కోసం వాళ్ళ నూనె కొన్నది.

వాళ్ళకు పెద్ద ఫ్యాక్టరీ లేదు. ఒక్కొక్కరి దగ్గర ఉన్న సరుకు కొంచెమే. కానీ గొలుసులో ఇంకో కొక్కెం తమ చేతిలోకి తెచ్చుకున్నారు. కలిసి అమ్మారు. అసలు విషయం అదే.

ఉద్దానంలో ఏం చేయవచ్చు?

ఒకటి. పండి రాలిన పిక్కనే ఏరాలి. రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టాలి. గోనె బస్తాల్లో పోసి, కింద చెక్కలు వేసి, గోడకు తగలకుండా పెట్టాలి. ఎండిన పిక్క నిలవ ఉంటుంది. నిలవ ఉంటే బేరం చేయవచ్చు. తరుగు మాట ఎత్తే వీలు ఉండదు.

రెండు. చేతి డబ్బుకు వేరే దారి చూసుకోవాలి. పొదుపు సంఘంలో అప్పు ఉంది. గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకునే పద్ధతి ఉంది. నూటికి యాభై పోగొట్టుకోవడం కంటే ఏ బ్యాంకు వడ్డీ అయినా తక్కువే.

మూడు. కలిసి అమ్మాలి. పది బస్తాల రైతు మాట ఎవరూ వినరు. వెయ్యి బస్తాల సంఘం దగ్గరికి వ్యాపారే వస్తాడు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవడానికి కూడా చట్టం ఉంది. పదిమంది కలిస్తే మొదలుపెట్టవచ్చు. కానీ లెక్కల పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండాలి. లేకపోతే సంఘం నిలవదు.

నాలుగు. పారేసేది చూడాలి. జీడిపండు తోటల్లోనే కుళ్ళిపోతోంది. గోవాలో దానితో ఫెనీ అనే సారా కాస్తారు. ఆ సారా ఇక్కడ అక్కర్లేదు. పండుతో రసం, జాము, పచ్చడి చేయవచ్చు. పశువులకు మేతగా వాడవచ్చు. పెంకు నూనె రంగుల తయారీకి, బండ్ల బ్రేకుల తయారీకి పనికొస్తుంది. కొబ్బరి పీచు తాడు అవుతుంది. ఉద్దానం పనస పచ్చికాయగానే లారీలెక్కి ఒడిశాకు, ఉత్తరాదికి పోతోంది.

అయిదు. తోటను మళ్ళీ నిలబెట్టాలి. బాపట్లలో జీడి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ తయారైన బి.పి.పి.-8 లాంటి అంటు మొక్కలు మూడో ఏడాది నుంచే కాపుకు వస్తాయి. పెద్దల పద్ధతి మాత్రం వదలకూడదు. అన్ని రకాలూ కలిపి వేసిన తోటలో ఒక పంట పోతే ఇంకొకటి ఆదుకోవచ్చు.

ఇవన్నీ రైతు ఒక్కడే చేయలేడు. పిక్కకు సరైన ధర, ఫ్యాక్టరీలో పనివాళ్ళ రక్షణ, తుపానుకు నష్టపరిహారం, వీటికి ప్రభుత్వం పూనుకోవాలి. అడిగితేనే అది పూనుకుంటుంది. లెక్క తెలిసినవాళ్ళు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఈసారి పెళ్ళిలో పాయసం తాగేటప్పుడు పప్పు నోటికి తగులుతుంది. దాని వెనక ఒక చెట్టు ఉంది. ఒక తుపాను ఉంది. నల్లబడిన పది వేళ్ళు ఉన్నాయి. ఆ వేళ్ళు ఇప్పుడు పలక పట్టాయి. కాటా అంకె కూడా చదువుతాయి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఊళ్ళో ఈ ఏడాది పిక్క బస్తా ధర ఎంత? కిలోకు ఎంత పడింది?

2. చెట్టు మీద ఉండగానే పంట అమ్మినవాళ్ళు ఎందరు? ఎందుకు అమ్మవలసి వచ్చింది?

3. మీ ఊరి కాటా సరిగ్గా ఉందా? ఎవరు చూశారు?

4. మీ ఊళ్ళో పండి, పచ్చి సరుకుగానే బయటికి పోతున్న పంటలు ఏవి? వాటి మీద ఊళ్ళోనే చేయగల ఒక పని పేరు రాయండి.